ఆసుపత్రి గడప త్రొక్కని మనస్తత్వ శాస్త్రము

మనస్తత్వ శాస్త్రమును మూడేండ్లు చదివి, ఒక్క రోగి ఎదుటనైనను కూర్చుండక పట్టము పుచ్చుకొనుట మాకు సమంజసముగ తోచదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సా మనస్తత్వ నిపుణుని నిర్వచించుచు, ఎం.ఫిల్.లో పర్యవేక్షణతో కూడిన శిక్షణను పేర్కొన్నది. ఆ మెట్టు దూరమే. అయినను వారమునకొక పూట ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమున ఒక మూల కూర్చుండి, అనుభవజ్ఞులు రోగితో మాటాడు తీరును గమనించుటకు అనుమతి కోరవచ్చును గదా!

ఇందు మన కళాశాలకు ఒక విశేషార్హత కలదు. పాతబస్తీ వృద్ధురాలు "దిల్ ఘబ్రారా" అనును. పల్లె రైతు "గుండె దడగా ఉంది, మనసు మనసులో లేదు" అనును. ఆంగ్ల ప్రశ్నావళి రెంటిని ఒకే గడిలో వేసి ఊరకుండును. రెండు భాషలు విని పెరిగిన విద్యార్థి ఊరకుండడు, ఇంకొక ప్రశ్న వేయవలెనని ఎరుగును.

అయితే విద్యార్థి వైద్యుడు కాడు. సలహాలీయరాదు, విన్నది బయట పెట్టరాదు. గోప్యత రోగికి ఆ చట్టమే ఇచ్చిన హక్కు. పర్యవేక్షకుడు లేని శిక్షణ, టీలు మోయించు శిక్షణ మాకు వలదు.

కమిటీవారు ఆసుపత్రికి లేఖ వ్రాయవలెను, బస్సు చార్జీలు భరింపవలెను, ఆ పూట హాజరు కోయరాదు. ఆడపిల్లల తల్లిదండ్రులను ఒప్పించుట కష్టమే. ఒక అధ్యాపకురాలు వెంట వచ్చినచో సగము చిక్కు తీరును.