గోదావరి పరీవాహక ప్రాంతంలో చమురు, సహజవాయువు ప్రమాదాలు

గోదావరి పరీవాహక ప్రాంతంలో జరిగిన చమురు, సహజవాయువు ప్రమాదాలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది 1995లో పాసర్లపూడి వద్ద జరిగిన బ్లోఅవుట్, రెండవది 2014లో నగరం గ్రామంలో జరిగిన పైపులైను పేలుడు. ఈ రెండు గ్రామాలూ మామిడికుదురు మండలానికి చెందినవే. ప్రమాదాల కాలంలో ఈ మండలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇది డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో చేరింది. ప్రమాదం జరిగిన తరువాత ప్రజలలో పెల్లుబికిన ఆగ్రహం, కంపెనీలు వహించిన బాధ్యత, ఆ బాధ్యతను గురించి భారతీయ చట్టాలు చెప్పే విషయాలు, నదికి ఎగువన ఉన్న ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దుకు వాటి వర్తింపు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

గోదావరి లోయ ఖనిజ ఇంధనాలకు ప్రసిద్ధి. ఎగువన ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు ప్రాంతాలలో బొగ్గు, దిగువన డెల్టాలోను, సముద్ర గర్భంలోను చమురు, సహజవాయువు లభిస్తున్నాయి. బొగ్గు పొరలున్న గోండ్వానా శిలలు ఆగ్నేయ దిశగా సాగి డెల్టా అడుగున కూడా ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. ప్రభుత్వ రంగ సంస్థ ఓ.ఎన్.జి.సి. కోనసీమలో అనేక బావులు తవ్వింది. తాటిపాకలో 2001లో ఒక చిన్న చమురుశుద్ధి కర్మాగారాన్ని కూడా నెలకొల్పింది. ఈ బావుల నుండి వచ్చే వాయువును మరొక ప్రభుత్వ రంగ సంస్థ గెయిల్ పైపులైన్ల ద్వారా విద్యుత్ కేంద్రాలకు, కర్మాగారాలకు చేరవేస్తుంది.

కోనసీమ జనసాంద్రత ఎక్కువగా గల ప్రాంతం. కొబ్బరి తోటలు, వరి చేలు, ఇళ్ళు, కాలువలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. అందువలన బావి గాని, పైపులైను గాని ఏదో ఒక ఊరికి దగ్గరగానే ఉండటం ఇక్కడ సర్వసాధారణం.

పాసర్లపూడి బ్లోఅవుట్ (1995)

బావి తవ్వేటప్పుడు భూగర్భంలోని వాయు పీడనాన్ని అదుపులో ఉంచటానికి బరువైన బురద వంటి ద్రవాన్ని లోపలికి పంపుతారు. ఆ ద్రవం బరువు చాలనప్పుడు వాయువు పైకి తన్నుకు వస్తుంది. దానిని ఆపటానికి బావి ముఖద్వారం వద్ద ప్రత్యేకమైన కవాటాలు అమర్చి ఉంటాయి. అవి కూడా విఫలమైతే జరిగేదే బ్లోఅవుట్.

1995 జనవరి 8న పాసర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న బావిలో ఈ విధంగానే వాయువు ఎగదన్ని మంటలు చెలరేగాయి. ఆ అగ్నికీలలు చాలా దూరం వరకు కనిపించాయి. చుట్టుపక్కల గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులను రప్పించి, 65 రోజుల తరువాత, మార్చి నెలలో బావిని అదుపులోకి తెచ్చారు. గ్రామస్థులలో ప్రాణనష్టం జరగకపోయినా, తోటలు మాడిపోయాయి. రెండు నెలల పాటు ప్రజలు వేడిమి, ధ్వని, పొగల మధ్య గడిపారు. ఈ సంఘటన తరువాత కోనసీమలో "బ్లోఅవుట్" అనే మాట చదువురానివారి నోట కూడా వినిపించే మాట అయింది.

నగరం పైపులైను పేలుడు (2014)

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ సంస్థకు చెందిన 18 అంగుళాల పైపులైను పగిలి వాయువు వ్యాపించింది. ఈ పైపులైను తాటిపాక నుండి అప్పటి కృష్ణా జిల్లా కొండపల్లి లోని లాంకో విద్యుత్ కేంద్రానికి వాయువును తీసుకువెళ్ళేది. వ్యాపించిన వాయువుకు నిప్పు అంటుకొనటంతో ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. నిద్రలో ఉన్నవారితో సహా 20 మందికి పైగా మరణించారు. అనేకులు గాయపడ్డారు.

ప్రమాదానికి కారణం పైపు లోపలి తుప్పు. తేమ తీసివేసిన పొడి వాయువు కొరకు నిర్మించిన గొట్టంలో తడి వాయువును పంపినట్లు దర్యాప్తులో వెల్లడైంది. వాయువులోని నీరు, కార్బన్ డయాక్సైడు కలిసి కార్బానిక్ ఆమ్లంగా మారి ఉక్కును లోపలి నుండి తినివేస్తాయి. నీరు అడుగుకు చేరుతుంది కనుక గొట్టం అడుగు భాగమే ముందుగా పలచబడుతుంది. దీనిని నివారించటానికి వాయువు నుండి తేమను తొలగించే యంత్రాలు అమర్చటం, గొట్టం లోపలి భాగాన్ని నిర్ణీత కాలంలో శుభ్రపరచటం, దాని మందాన్ని పరీక్షించటం అవసరం. ఇవేవీ కొత్త విషయాలు కావు, పైపులైను నిర్వహించే ప్రతి సంస్థకూ తెలిసినవే. కాబట్టి ఈ దుర్ఘటనను ప్రకృతి వైపరీత్యంగా గాని, ఆకస్మిక సంఘటనగా గాని పరిగణించటానికి వీలు లేదు.

ప్రజాగ్రహం

వాయువు లీకవుతున్నదని తాము ముందే చెప్పినా ఎవరూ పట్టించుకొనలేదని నగరం గ్రామస్థులు ఆరోపించారు. పైపులైన్లను జనావాసాల మధ్య నుండి తొలగించాలని డిమాండు చేశారు. మృతుల కుటుంబాలకు గెయిల్ 20 లక్షలు, రాష్ట్ర ప్రభుత్వం 3 లక్షలు, కేంద్ర ప్రభుత్వం 2 లక్షలు, మొత్తం 25 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించాయి.

2020 మే 7న విశాఖపట్నం లోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించినపుడు కూడా ఇటువంటి ఆగ్రహమే వ్యక్తమైంది. మే 9న గ్రామస్థులు మృతదేహాలతో కర్మాగారం గేటు వద్ద నిరసన తెలిపారు. అక్కడ ఒక్కొక్క మృతుని కుటుంబానికి కోటి రూపాయలు చెల్లించింది రాష్ట్ర ప్రభుత్వం. అనగా తక్షణ భారం పడినది ప్రజాధనం మీద. పర్యావరణ అనుమతి లేకుండానే కర్మాగారం నడిచినట్లు కంపెనీ స్వయంగా 2019లో సమర్పించిన పత్రం ద్వారా తరువాత బయటపడింది.

ఈ రెండు సంఘటనలను పోల్చినపుడు ఒక విషయం స్పష్టమౌతుంది. పరిహారం మొత్తాన్ని నిర్ణయించినది చట్టం కాదు, ఆ సమయంలో వెల్లువెత్తిన ఆగ్రహ తీవ్రత. వార్తలలోకి ఎక్కని చిన్న లీకుల వలన చేను పాడైన రైతుకు, చేపలు చచ్చిపోయిన మత్స్యకారునికి ఆ బలం ఉండదు.

చట్టపరమైన బాధ్యత

ప్రమాదకర పరిశ్రమల బాధ్యతకు సంబంధించి భారతదేశంలో బలమైన సూత్రమే ఉన్నది. 1868 నాటి ఇంగ్లాండు తీర్పు (రైలాండ్స్ - ఫ్లెచర్ కేసు) ప్రకారం ప్రమాదకర వస్తువును తన స్థలంలో ఉంచుకొన్నవాడు అది బయటికి పోతే కలిగే నష్టానికి బాధ్యుడు. కాని దైవఘటన, మూడవ వ్యక్తి చర్య వంటి మినహాయింపులు ఉండేవి. 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుండి ఓలియం వాయువు వెలువడిన కేసులో భారత సుప్రీంకోర్టు 1986లో ఈ మినహాయింపులను తొలగించి "సంపూర్ణ బాధ్యత" సూత్రాన్ని ప్రకటించింది. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువగా ఉండాలని కూడా పేర్కొన్నది. 1984 నాటి భోపాల్ దుర్ఘటన ఈ తీర్పుకు నేపథ్యం.

ఆచరణలో మాత్రం ఈ సూత్రం పూర్తిగా అమలు కాలేదు. ముఖ్యమైన చట్టాలు ఇవి:

* 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం: దీని క్రింద కంపెనీకి భూమిని వాడుకొనే హక్కు మాత్రమే సంక్రమిస్తుంది, యాజమాన్యం రైతుకే ఉంటుంది. కాని పైపులైను మీద ఇల్లు కట్టరాదు, చెట్టు నాటరాదు, బావి తవ్వరాదు. ఇందుకు ఇచ్చే పరిహారం భూమి మార్కెటు విలువలో 10 శాతం. కొబ్బరి మీద ఆధారపడిన కోనసీమ రైతుకు ఈ నిబంధన భారమైనది.
* 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం: ఎవరి తప్పు అని నిరూపించనవసరం లేకుండానే తక్షణ సహాయం అందించటం దీని ఉద్దేశం. అయితే మరణానికి ఇందులో మొదట నిర్ణయించిన సహాయం 25,000 రూపాయలు మాత్రమే. దశాబ్దాల పాటు ఈ మొత్తం మారలేదు. నగరం బాధితులకు ప్రకటించిన పరిహారం దీనికి 100 రెట్లు.
* 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం: తప్పుతో నిమిత్తం లేకుండా పరిహారం విధించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది. విశాఖ సంఘటన జరిగిన మరునాడే ఎల్.జి. పాలిమర్స్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయాలని ట్రిబ్యునల్ ఆదేశించింది.

సామాజిక బాధ్యత, చట్టపరమైన బాధ్యత

2013 కంపెనీల చట్టం లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి, అనగా నగరం ప్రమాదానికి మూడు నెలల ముందు నుండి అమలులోకి వచ్చింది. పాఠశాల గదులు, మంచినీటి ట్యాంకులు, వైద్య శిబిరాలు ఈ కోవకు చెందుతాయి.

ప్రజలు "కంపెనీ బాధ్యత" అన్నప్పుడు అడుగుతున్నది వేరు. గొట్టాన్ని ఎప్పుడు పరీక్షించారు, తుప్పు సంగతి ఎవరికి తెలుసు, తెలిసీ వాయువును ఎందుకు ఆపలేదు అన్నవి వారి ప్రశ్నలు. ట్యాంకు కట్టించటం దానం, పరిహారం చెల్లించటం ఋణం తీర్చుకొనటం, గొట్టాన్ని సకాలంలో మార్చటం విధి. మొదటి రెండింటి వలన మూడవది తీరదు. ఈ మూడింటికీ ఒకే పేరు వాడటం వలన ప్రమాదం తరువాత జరిగే చర్చ తరచుగా దారి తప్పుతున్నది. గెయిల్, ఓ.ఎన్.జి.సి. ప్రభుత్వ రంగ సంస్థలు, ఎల్.జి. పాలిమర్స్ విదేశీ యాజమాన్యంలోని సంస్థ. సుప్రీంకోర్టు సూత్రం యజమాని ఎవరన్న దానిపై ఆధారపడదు.

ఇతర ప్రాంతాల అనుభవాలు

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుండి చమురు ఒలికిన కేసులో జ్యూరీ 500 కోట్ల డాలర్ల శిక్షాత్మక పరిహారం విధించింది. 2008లో అమెరికా సుప్రీంకోర్టు దానిని సుమారు 50 కోట్ల డాలర్లకు తగ్గించింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది కార్మికులు మరణించారు. 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి ప్రవహించింది. బి.పి. సంస్థ 2,000 కోట్ల డాలర్లకు పైగా చెల్లించటానికి ప్రభుత్వాలతో ఒప్పందానికి వచ్చింది. భోపాల్ బాధితుల విషయంలో 1989లో కుదిరిన మొత్తం 47 కోట్ల డాలర్లు. అదనపు పరిహారం కొరకు కేంద్రం వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టివేసింది.

పొరుగున ఉన్న చెన్నైలో 2017 జనవరిలో ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొని చమురు తీరానికి చేరినపుడు దానిని బకెట్లతో ఎత్తిపోశారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదలతో పాటు ఎన్నూరు వాగులోకి చమురు చేరి మత్స్యకారుల పడవలు, వలలు పాడయ్యాయి.

ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు

ఈ ప్రాంతంలో చమురు బావులు లేకున్నా ప్రశ్న ఒక్కటే. మణుగూరు, కొత్తగూడెంలలో సింగరేణి బొగ్గు గనులు, పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, సారపాకలో కాగితపు కర్మాగారం, అశ్వాపురం వద్ద భారజల కర్మాగారం ఉన్నాయి. భారజలం తయారీలో వాడే హైడ్రోజన్ సల్ఫైడు విషవాయువు. ఇటువంటి రసాయనాలను నిర్ణీత పరిమాణానికి మించి వాడే చోట్ల కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యం, వెలుపలి ప్రణాళికను జిల్లా అధికారులు సిద్ధం చేయాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

కోనసీమతో పోల్చినపుడు ఇక్కడి ఏజెన్సీ గ్రామాలకు ఒక అదనపు రక్షణ ఉన్నది. ఇది రాజ్యాంగం ఐదవ షెడ్యూలు వర్తించే ప్రాంతం. 1997 నాటి సమతా తీర్పులో షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు ప్రకటించింది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి కేటాయించాలని కూడా సూచించింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభను సంప్రదించటం తప్పనిసరి చేసింది. అనగా ఈ ప్రాంతంలో ప్రశ్న అడిగే అవకాశం ప్రమాదానికి ముందే ఉన్నది. నగరం గ్రామానికి అటువంటి వేదిక లేదు. గ్రామస్థుల ఫిర్యాదుకు విలువ వచ్చింది పైపులైను పేలిన తరువాతనే.