ముందుగా మల్లీశ్వరి

పాత సినిమాల్లో ముందు దేని గురించి మాట్లాడుకుందామంటే అందరి నోటా ‘మాయాబజార్’ (1957) మాటే వచ్చింది. కాదనడానికి మనసొప్పలేదు. అయినా ఈ నెలకు బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951)నే ఎంచుకున్నాం. మాయాబజార్ మనకు మాటలతో సహా కంఠతా వచ్చు. మల్లీశ్వరిని పాటలుగా విన్నంతగా సినిమాగా చూడలేదు.

వానకు సత్రంలో ఆగిన బావామరదళ్లు నాగరాజు, మల్లి. మారువేషంలో ఉన్న రాయలవారితో, ఎవరో తెలియక, నాగరాజు సరదాకి అంటాడు, మల్లికి పల్లకీ పంపించమని. నిజంగానే పల్లకీ వచ్చి మల్లిని రాణివాసానికి తీసుకుపోతుంది. రాయలవారు చెడ్డవారు కాదు, ఆయన చేసింది మన్ననే. ఆ మన్ననే వాళ్లిద్దరినీ విడదీసింది. అక్కణ్నుంచి మల్లి, నాగరాజులుగా భానుమతి, రామారావుల ముఖాలు చూడండి.

పాటల దగ్గర మాత్రం ముందుకు జరపకండి. కృష్ణశాస్త్రి, సాలూరి రాజేశ్వరరావు సగం కథ చెప్పింది అక్కడే.