పాత విమానాలు ఎగరాలా, వద్దా?

ఆర్మూర్ వెళ్తే, పసుపు కొమ్ములు ఆరబోస్తూ మా బాపు అడిగిండు: "గా పాత ఇమానాలు ఇంకా ఎగిరేసుడెందుకురా?" వైమానికదళం డకోటాను టీవీలో చూసిండట.

నా ఓటు మాత్రం ఎగరాలనే. 1947లో శ్రీనగర్‌కి సైన్యాన్ని మోసినవి డకోటాలే. ఆ ఇంజన్ల చప్పుడు మ్యూజియంలో వినపడదు కదా.

కానీ 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్‌షోలో నౌకాదళం కిరణ్ విమానం బోయిన్‌పల్లి ఇళ్ల మధ్య కూలి పైలట్లిద్దరూ పోయారు. అది రిటైరైందేం కాదు, సర్వీసులో ఉన్నదే. 2022లో డల్లాస్‌లో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలు రెండు గుద్దుకుని ఆరుగురు పోయారు. దర్యాప్తు తప్పుపట్టింది ముసలితనాన్ని కాదు, ఏది ఎంత ఎత్తులో ఎగరాలో ముందే ప్లాన్ చేయకపోవడాన్ని.

లెగసీ కోడ్ నడపొచ్చు, ప్రొడక్షన్‌లో ప్రయోగాలే వద్దు. నేరుగా ఎగరాలి, పల్టీలు కొట్టొద్దు, కింద ఇళ్లుండొద్దు. అదే బాపుకు చెప్పిన.

"ఇండ్లు లేని జాగ యాడుందిరా?" అన్నడు.