జల్లెడ పట్టిన మట్టి, పగుళ్లు వారిన పొలం

నత్రజని ఎరువు వేర్ల పొరను దాటి ఎంత త్వరగా అడుగుకు దిగిపోతుందో అంచనా వేయడానికి ప్రయోగశాలలు అనుసరించే పద్ధతి విద్యార్థులకు సుపరిచితమే. మట్టిని ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గొట్టంలో సమంగా కూరుతారు. నీటి ప్రవాహం నిలకడగా కుదిరిన తరువాత బ్రోమైడ్ ద్రావణాన్ని పంపి, అడుగున కారే నీటిలో దాని గాఢతను కొలుస్తారు. ఆ కొలతలతో గీసినదే బ్రేక్‌త్రూ వక్రరేఖ. అది నిటారుగా లేస్తే ద్రావణం నేలనీటితో స్వల్పంగా కలిసినట్లు. వాలుగా సాగితే విక్షేపణ అధికమైనట్లు.

ఈ పద్ధతి వెనుక గట్టి శాస్త్రమే ఉన్నది. గొట్టంలో పారే ద్రవంలో ద్రావితం వ్యాపించే తీరును జి.ఐ. టేలర్, పాత్రలో ద్రవం నిలిచే కాలపు పంపిణీని డాంక్‌వర్ట్స్ 1953లోనే వివరించారు. 1960ల తొలినాళ్లలో నీల్సన్, బిగ్గర్ ఈ తరహా ప్రయోగాలను నేల స్తంభాలపై జరిపారు. ఆక్షేపణ కొలతపై కాదు. గొట్టంలో వచ్చిన సంఖ్యను యథాతథంగా పొలానికి మోసుకుపోవడంపైన.

నల్లరేగడి వేసవిలో లోతుగా పగుళ్లు వారుతుంది. తొలకరి నీరు మట్టిని పూర్తిగా తడపకమునుపే ఆ పగుళ్ల వెంట, ఎండిన వేర్ల దారుల వెంట కిందికి జారుతుంది. జల్లెడ తుడిచివేసేది సరిగ్గా ఈ దారులనే. ఇది కొత్త సంగతీ కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1870లో కదపని నేలదిమ్మెల అడుగున నీటిని పట్టే ఏర్పాటు చేశారు. వాననీటిలో కొంత భాగం నేలనీటితో కలవకుండానే పెద్ద దారుల వెంట దిగిపోతున్నదని లాస్, గిల్బర్ట్, వారింగ్‌టన్ 1882లోనే గుర్తించారు. పరిశోధన సిద్ధాంతగ్రంథాలు ఇప్పటికీ కూరిన గొట్టంతోనే సరిపెట్టుకోవడం విచారకరం.

వక్రరేఖను చదవడంలోనూ మెలకువ అవసరం. బ్రోమైడ్ ముందుగా బయటపడినంత మాత్రాన పగుళ్లే కారణమనరాదు. రుణావేశం గల బంకమట్టి రేణువులు దానిని తమ దరికి రానీయకపోవడమూ కారణం కావచ్చు. గొట్టం గోడ పక్కన మట్టి వదులుగా కూరుకున్నా ఇదే జరుగుతుంది. ఆమ్లత్వం, ఇనుప ఆక్సైడ్‌లు గల ఎర్రనేలల్లో ఇందుకు భిన్నంగా బ్రోమైడ్ ఆలస్యం కావచ్చు.

ఇంతటి సమాచారాన్ని ఒకే ఒక విక్షేపణ గుణకంగా కుదించి ముద్రించే అలవాటు మానాలి. తొలి జాడ ఎప్పుడు కనిపించింది, తోక ఎంత దూరం సాగింది, పంపిన బ్రోమైడ్‌లో ఎంత శాతం తిరిగి వచ్చింది అన్న వివరాలు పట్టికలో ఉండాలి. తాగునీటిలో నైట్రేట్‌కు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి ఉన్న దేశంలో, బావి నీటి భద్రతను సగటు వేగంతో తేల్చలేము. మొదట చేరేది సగటు నీరు కాదు.

కదపని దిమ్మెను తీయడం కష్టమన్న వాదన నిజమే. తడిగా ఉన్నప్పుడు తీస్తే పగుళ్లు మూసుకొని ఉంటాయి. ఎండినప్పుడు తీస్తే దిమ్మె విరిగిపోతుంది. కనుక తీసిన నాటి తేమశాతాన్ని తప్పక నమోదు చేయాలి. అదీ వీలుపడని విస్తరణ కేంద్రం, ఎరువు మోతాదును ఎన్ని దఫాలుగా వేయాలో సిఫారసు చేసే ముందు, ఒక చదరపు మీటరు పొలంలో నీలిరంగు నీరు పోసి, మరునాడు నిలువునా తవ్వి, రంగు ఎంత లోతుకు, ఏ దారిన దిగినదో రైతుల సమక్షంలో కొలవవచ్చు.