కలివికోడి – రంపపు చేప

హైదరాబాదు పాతబస్తీ ప్రాంతంలోని సైదాబాదు విద్యార్థులకు పక్షి అనగానే పావురం, చేప అనగానే బజారులోని బొచ్చె, రవ్వ గుర్తుకు వస్తాయి. ఎన్నడూ చూడని జీవి అంతరిస్తే మనకేమి నష్టమని వారు ప్రశ్నించడం సహజం. తెలుగునేలపై తిరిగే ఒక పక్షి, తీరజలాలలో బతికే ఒక చేప ఆ ప్రశ్నకు సమాధానం చెబుతాయి.

కలివికోడి కడప జిల్లా లంకమల ప్రాంతంలో పొదల నడుమ నేలపై సంచరించే నిశాచర పక్షి. 1848లో టి.సి. జెర్డాన్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత కనిపించకపోవడంతో నశించిందని పలువురు భావించారు. 1986లో అది మళ్ళీ దొరికింది. దానిని పట్టి చూపినవాడు పండితుడు కాదు, అడవి తెలిసిన స్థానిక వేటగాడు. మరల చాలాకాలం జాడ లేక, 2025లో దాని కూత వినవచ్చింది.

రంపపు చేప సొరచేపను పోలి ఉన్నా, మొప్పల చీలికలు శరీరం అడుగున ఉండడం వల్ల టేకు చేపల వర్గానికి చెందుతుంది. ఇరువైపులా పళ్ళున్న పొడవాటి ముట్టెతో అది ఆహారాన్ని పసిగట్టి వేటాడుతుంది.

వీటి నివాసాలు వేరైనా విధి ఒక్కటే. మట్టిరంగు కలివికోడిని శత్రువు కంటి నుండి దాస్తుంది కాని, పొదలను పెకలించే యంత్రం నుండి కాపాడలేదు. చేపకు తిండి సంపాదించి పెట్టే రంపమే వలలో చిక్కినప్పుడు ఉరితాడవుతుంది. ప్రకృతి ఇచ్చిన వరం మానవుని ముందు శాపమైంది.

పక్షికి అభయారణ్యం ఏర్పడింది. దాని కోసం తెలుగుగంగ కాలువ మార్గం కూడా మారింది. రంపపు చేపలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అయితే సముద్రానికి కంచె వేయలేము. చిక్కిన చేపను విడిచిపెట్టాలంటే జాలరి తన వలను కోసుకోవాలి. వల పోతే ఆ ఇంటి జీవనాధారమే పోతుంది. చట్టాన్ని చూపి ఆ నష్టాన్ని అతనిపై మోపడం న్యాయం కాదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో ఇటువంటి జాలరులకు గరిష్ఠంగా 25,000 రూపాయల పరిహారం ప్రకటించింది. తెలుగుతీరంలో రంపపు చేపకూ అటువంటి అండ అవసరం.

కలివికోడి 86 సంవత్సరాలు శాస్త్రజ్ఞుల కంట పడకుండానే బతికింది. కనిపించనంత మాత్రాన లేదనుకోవడం పొరపాటు. ఆ జీవుల జాడ తెలిసినవారు వేటగాండ్రు, జాలరులు. వారి తెలివిని గౌరవించి, వారి నష్టాన్ని పంచుకున్నప్పుడే సంరక్షణ సాధ్యమవుతుంది. ఆ బాధ్యతలో అడవికీ సముద్రానికీ దూరంగా ఉన్న నగరవాసికీ వాటా ఉన్నది.