పన్ను సాక్ష్యం చెబుతుంది, చీటీ ఏది?

ఉమ్మడి మెదక్ జిల్లాలోని పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి మందుల ఫ్యాక్టరీ పేలి యాభై నలుగురు కార్మికులు పోయారు. వారిలో ఎనిమిది మంది ఆనవాళ్ళయినా దొరకలేదు. దొరికిన శరీరాలు అనేకం కన్నతల్లి కూడా పోల్చుకోలేని స్థితిలో ఉన్నాయి. బంధువులు రక్తం నమూనాలిచ్చి, డి.ఎన్.ఎ. ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. మన నంగునూరు మండలం నుంచి కూడా పటాన్‌చెరు వైపు, హైదరాబాదుకు, గల్ఫుకు పనికి పోయినవారున్నారు గనుక ఇది పరాయి ఊరి ముచ్చట కాదు.

ఇటువంటి వేళ అక్కరకు వచ్చే విద్య ఒకటున్నది. పళ్ళను చూసి చనిపోయిన మనిషెవరో పోలీసులకు, కోర్టుకు చెప్పే దంతవైద్యమది. పన్ను మీది పై పొర మన ఒంట్లోకెల్లా గట్టిది. చర్మం కాలి వేలిముద్రలు పోయినా పళ్ళు చాలావరకు నిలుస్తాయి. ఏ పన్ను పీకించారు, దేనికి సిమెంటు నింపారు, ఏది వంకర, దేనికి తొడుగు వేశారు అన్నవి కలిపి చూస్తే ఒకరి నోరు మరొకరి నోటితో కలవడం అరుదు. బ్రతికుండగా తీసిన ఎక్స్‌రేను, పోయిన తర్వాత తీసినదానితో పక్కపక్కన పెట్టి చూస్తారు. పాత ఎక్స్‌రే చేతిలో ఉంటే పని తొందరగా తేలుతుంది. రక్తసంబంధీకుడు బీహారు నుంచి రైలెక్కి వచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఈ విద్యకు పేరు తెచ్చినది పారిస్‌లో 1897 మే 4న జరిగిన అగ్నిప్రమాదం. ధర్మకార్యం కోసం పెట్టిన బజారు అంటుకుని నూరు మందికి పైగా, ఎక్కువగా గొప్పింటి ఆడవారు, కాలిపోయారు. ఆస్ట్రియా మహారాణి చెల్లెలు కూడా అందులో ఉన్నది. నగలను, గుడ్డపీలికలను చూసి కొందరిని గుర్తించినా మిగిలినవారి సంగతి తేలలేదు. అప్పుడు పరాగ్వే దేశపు కాన్సల్ ఒకాయన వారి పళ్ళ డాక్టర్లను పిలిపించండని సలహా ఇచ్చాడు. వాళ్ళు తమ పాత లెక్కలు తెచ్చి చూసి, మహారాణి చెల్లెలితో సహా పలువురిని గుర్తించారు. ఈ సంగతులన్నీ సేకరించి 1898లో గ్రంథం రాసిన క్యూబా దేశస్థుడు డాక్టర్ ఆస్కార్ అమోయెడోను ఈ శాస్త్రానికి పితామహుడంటారు. ఆ గుర్తింపు పని చేసినది ఆయన కాదు. చేసినవారి కంటే రాసినవాడికే పేరు నిలిచింది. విలేకరులకు ఇది కొంత ఊరట.

మన దేశంలోనూ ఇటువంటివారున్నారు. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ నిర్భయ కేసులో బాధితురాలి ఒంటి మీది పంటిగాట్లను నిందితుల పళ్ళ అచ్చులతో పోల్చి చూసినది ధార్వాడ దంతవైద్యుడు డాక్టర్ ఆశిత్ ఆచార్య. 2017 మేలో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని స్వీకరించింది. 2025 జూన్‌లో అహ్మదాబాదు విమాన ప్రమాదం జరిగినప్పుడు కూడా అక్కడి దంతవైద్యులు కాలిన దేహాల పళ్ళను పరీక్షించారు. ఆ గదుల్లో నిలబడి పనిచేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో తలచుకుంటేనే తెలుస్తుంది. సినిమావాళ్ళకు వేసే శాలువాల్లో ఒకటి వీరికీ వేస్తే తప్పేమీ లేదు.

అయితే ఒక మాట. పంటిగాటు వేరు, పళ్ళను బట్టి శవాన్ని గుర్తించడం వేరు. గాటును నమ్ముకుని అమెరికాలో రే క్రోన్ అనే నిరపరాధిని హంతకుడన్నారు. ఆయన పదేళ్ళు జైల్లో మగ్గాక, 2002లో డి.ఎన్.ఎ. పరీక్ష విడిపించింది. 2009లో ఆ దేశపు శాస్త్రవేత్తల సంఘం గాటు పరీక్షకు గట్టి పునాది లేదని తేల్చింది. గౌరవించేటప్పుడు ఈ తేడా మరువరాదు.

ఇక మన సంగతి. ఎంత గొప్ప నిపుణుడు వచ్చినా, పోల్చడానికి పాత కాగితం లేకపోతే ఏం చేస్తాడు? ఈ వ్యాసకర్త పదేళ్ళ క్రితం దవడపన్ను పీకించుకున్నాడు. డబ్బులిచ్చాడు, దూది కరచి బస్సెక్కాడు. చీటీ లేదు, ఎక్స్‌రే లేదు, ఆ డాక్టరు దగ్గర పేరయినా ఉన్నదో లేదో! ఊళ్ళల్లో చాలామందిది ఇదే కథ. పారిస్‌లో దొరసానులకు డాక్టర్లూ ఉన్నారు, లెక్కలూ ఉన్నాయి. మన కూలీకి పన్ను ఉన్నది గాని లెక్క లేదు.

సర్కారు దవాఖానాలోనైనా, ప్రయివేటులోనైనా పంటికి వైద్యం చేస్తే ఏ పన్నుకు ఏం చేశారో రాసిన చీటీ, ఎక్స్‌రే తీస్తే దాని నకలు రోగి చేతికివ్వాలి. దీనిని వైద్యాధికారులు ఆజ్ఞగా జారీ చేయవలసి ఉన్నది. ఫ్యాక్టరీ యజమానులు కార్మికుణ్ణి పనిలో చేర్చుకునేటప్పుడు ఆధార్ నకలుతో పాటు పళ్ళ పటం కూడా రాయించి ఫ్యాక్టరీకి వెలుపల భద్రపరచాలి. లోపలే పెడితే మనిషితో పాటు అదీ కాలిపోతుంది. సిద్దిపేట ప్రభుత్వ వైద్య కళాశాలలో శవపరీక్షల విభాగానికి ఈ విద్య చదివిన దంతవైద్యుణ్ణి ఒకరిని జతచేయడం పెద్ద ఖర్చు కాదు.

అంతదాకా ఎవరి పని వారు చేసుకోవచ్చు. పన్ను చూపించుకుని వచ్చిన నాడు చీటీ అడిగి తెచ్చి, పట్టాదారు పాసుపుస్తకం పెట్టిన పెట్టెలోనే పెట్టి, అది ఎక్కడున్నదో ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పి పనికి పోవాలి.