ఊపిరి దాకా చేరని మందు

విరుదునగర్ జిల్లా ఆలంగుళం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ప్రభుత్వ సిమెంటు కర్మాగారం. అక్కడినుంచి ఎటు వెళ్ళినా దుమ్ముతో, పొడితో చేసే పనులే ఎక్కువ. రాజపాళయంలో నూలు మిల్లులు, సత్రపట్టిలో ఆస్పత్రులకు బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలు, శివకాశిలో బాణసంచా, సాత్తూరు, కోవిల్‌పట్టిల్లో అగ్గిపెట్టెలు. ఈ పనుల్లో ఉన్నవారిలో ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే మనవాళ్ళూ ఉన్నారు.

నూలు దుమ్ము పీల్చేవారికి వచ్చే జబ్బుకు ఒక గుర్తు ఉంది. సెలవు గడిచి సోమవారం పనిలోకి వెళ్ళిన రోజే ఛాతీ బిగుసుకుపోతుంది. దాన్ని బిసినోసిస్ అంటారు. రాతిపొడి వల్ల వచ్చే సిలికోసిస్‌లాగే దీన్ని కూడా చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఆదివారం మందిరంలో మనతో కలిసి గొంతెత్తి పాడిన అక్క, సోమవారం సాయంత్రం నాలుగు మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడుతుంది. మనమేమో “వయసు మీద పడింది” అని సరిపెట్టుకుంటాం.

ఈమధ్య మందుల కొత్త రూపాల గురించి తరచుగా వింటున్నాం. ఆరు నెలలకోసారి వేసుకునే ఇంజెక్షన్లు వచ్చాయి, చర్మానికి అంటించుకునే పట్టీలు వచ్చాయి. అవన్నీ పేదవాడికి కూడా అందాలి. అయితే దాదాపు 70 ఏళ్ళ క్రితం వచ్చిన ఒక మందు రూపమే మన వీధుల్లోకి ఇంకా సరిగా చేరలేదు. అదే ఇన్హేలర్. ముందు దాని లెక్క తేల్చాలని మా అభిప్రాయం.

1955లో అమెరికాలో ఉబ్బసంతో బాధపడే 13 ఏళ్ళ అమ్మాయి, మందుల కంపెనీ అధిపతి అయిన తన తండ్రిని ఒక ప్రశ్న అడిగిందట. సెంటులాగా నా మందును కూడా డబ్బాలోంచి చిమ్మేలా చేయకూడదా అని. మరుసటి ఏడాదే ప్రతిసారీ కొలత ప్రకారం మందు చిమ్మే ఇన్హేలర్ మార్కెట్లోకి వచ్చింది. ఇందులోని గొప్పతనం మందులో కన్నా అది వెళ్ళే దారిలో ఉంది. సాల్బుటమాల్ మాత్ర మింగితే 4 మిల్లీగ్రాముల మందు కడుపులోకి, అక్కడినుంచి రక్తంలోకి, ఆ తర్వాత ఒళ్ళంతా తిరుగుతుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే ఆ మాత్రలో 40వ వంతు. అది నేరుగా ఊపిరితిత్తులకు చేరి నిమిషాల్లో పనిచేస్తుంది.

మరి మన ఇళ్ళలో వినిపించే మాటలేమిటి? “ఇన్హేలర్ ఆఖరు దశలో ఇచ్చేది.” “ఒకసారి మొదలుపెడితే వదలదు.” “పెళ్ళి కావలసిన పిల్ల చేతిలో అది కనబడకూడదు.” ఈ మాటలకు భయపడి, ఆయాసం వచ్చినప్పుడల్లా మందుల షాపులో ఏవో మాత్రలు కొని మింగేవారున్నారు. ఎక్కువ మందు తీసుకుంటూ తక్కువ మేలు పొందుతున్నారు.

ఇంకొక పొరపాటు ఆయాసం తగ్గించే మందొక్కటే వాడటం. లోపలి వాపును తగ్గించే మందు లేకుండా దానిమీదే ఆధారపడితే ఉబ్బసం ప్రాణం మీదికి తేగలదు. అందుకే ఉబ్బసానికి ఆ ఒక్క మందుతోనే నెట్టుకు రావద్దని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి.

మందు చేతికి వచ్చినంత మాత్రాన ఊపిరికి చేరినట్టు కాదు. పొడి మందు క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టి పీల్చాలి. అలా చెప్పేవారు లేకపోతే ఏమవుతుంది?

“మందు రోజూ వాడుతున్నావా అవ్వా?”

“వాడుతున్నా నాయనా, నీళ్ళతో మింగుతున్నా.”

ఇలా మింగేయడం వైద్యులు తరచూ చూసే పొరపాటే. తప్పు అవ్వది కాదు. చీటీ ఆమె చదవలేని భాషలో ఉంది, చెప్పిన మాట ఆమె ఇంటి భాషలో లేదు.

డబ్బాలోంచి చిమ్మే ఇన్హేలర్‌తోనూ చిక్కుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే మందులో ఎక్కువ భాగం గొంతులోనే అంటుకుపోతుంది. స్పేసర్ అనే గొట్టం ఉంటే ఈ చిక్కు తీరుతుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకు రంధ్రం చేసి, అందులో ఇన్హేలర్ బిగించి పిల్లలకు వాడి చూశారు. అది కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేస్తుందని 1999లో ప్రకటించారు. పారేసే సీసా కూడా ప్రాణం నిలబెట్టగలదన్నమాట.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభించింది. బీపీ, షుగరు మందులు ఇంటి గడప దాకా తెచ్చే పథకం అది. ఆ సంచిలో ఊపిరి మందుకూ చోటుండాలి, స్పేసర్‌కూ చోటుండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వాడే తీరు ఇంటి భాషలో చేసి చూపించడానికి ఐదు నిమిషాల తీరిక ఉండాలి. ఇది మేము అడిగే దయ కాదు, రోగికి ఉన్న హక్కు.

దీనితోనే అంతా సరిపోతుందని మేము అనడం లేదు. సిలికోసిస్‌తో గట్టిపడిన ఊపిరితిత్తిని ఏ ఇన్హేలరూ వెనక్కి తేలేదు. చేతిలో ఇన్హేలర్ పెట్టి అదే దుమ్ములోకి తిరిగి పంపడం వైద్యం అనిపించుకోదు. దుమ్మును లాగేసే యంత్రాలు, రాతిపొడి లేవకుండా నీళ్ళు చల్లడం, ఏటా ఊపిరి పరీక్ష యజమాని బాధ్యతలు. వాటిని అడిగిన కూలీ పక్కన సంఘం నిలబడాలి.

యువతీ యువకులారా, మీ వంతు కూడా ఉంది. దగ్గరలోని ఆరోగ్య కేంద్రం నర్సమ్మను ఒక ఆదివారం ఆరాధన తర్వాత పిలవండి. ఇన్హేలర్ వాడటం ముందు మీరు నేర్చుకుని పెద్దవాళ్ళకు చేసి చూపించండి. వాపు తగ్గించే మందు పీల్చాక నోరు పుక్కిలించాలని గుర్తుచేయండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు క్షయ పరీక్ష చేయించండి. ఆయాసపడే అక్క కోసం ప్రార్థన చేస్తున్నాం, మంచిదే. ప్రార్థన ముగిశాక ఆమె ఇంటికి వెళ్ళి, మందు ఎలా పీలుస్తోందో ఒక్కసారి చూసి రండి.